దీపం ఆట: నలభై ఒకటో బొట్టు

విజయదశమి పొద్దున ఎనిమిదిన్నరకి సౌందరం క్యాసెట్ పెట్టి టీవీ వేసేసరికి, ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె ఎక్కిన తొంభై తొమ్మిది అంతస్తులూ లేవు.

దీపం పట్టుకున్న బొమ్మ మనిషి మొదటి అంతస్తులో నిలబడి ఉన్నాడు. దీపం నిండుగా వెలుగుతోంది. ఎదురుగా ఒకే ఒక్క రాయి. దాన్ని ఎటు తోయాలో అయిదేళ్ల పిల్లకి కూడా తెలుస్తుంది.

సౌందరం అరవలేదు. కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. మొదటి అంతస్తు అలాగే ఉంది. అప్పుడు మనవరాల్ని పిలిచింది.

"నిత్యా, ఇట్ల రా. చెడిపోయింది నా కండ్లా, టీవీయా, చూసి చెప్పు."

నిత్య చూసింది. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"రెండూ బాగానే ఉండాయి అవ్వా," అంది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ల కోసం జరిగింది కాస్త చెప్పుకోవాలి. కోయంబత్తూరులో గణపతి అనే పేటలో సౌందరం మొగుడు సుందరరాజన్‌ది లేత్ వర్క్‌షాపు. ముందు షాపు, వెనక ఇల్లు. తొంభై నాలుగులో ఒక మిల్లుకి యంత్రాలు బిగించడానికి వచ్చిన జపాన్ ఫిట్టరుకి ఆయన విరిగిన షాఫ్టు ఒకటి ఒక్క పూటలో తిప్పి ఇచ్చాడు. ఆ ఫిట్టరు ఊరికి పోతూ తన ఆట డబ్బానీ, దానితో ఉన్న ఒకే ఒక్క క్యాసెట్‌నీ ఈయన చేతిలో పెట్టి, నడుము వంచి దండం పెట్టి వెళ్లిపోయాడు. పిల్లలు వారం రోజులు ఆడి వదిలేశారు. పిల్లల తల్లి సౌందరం వదల్లేదు.

క్యాసెట్ మీది జపాన్ అక్షరాలు ఇంట్లో ఎవరికీ రావు కాబట్టి దాని పేరు దీపం ఆట అయిపోయింది. నూరు అంతస్తుల గోపురం. అంతస్తుని ఆ ఇంట్లో మాడి అంటారు. ఒక చిన్న మనిషి దీపం పట్టుకుని మాడి మాడీ ఎక్కాలి. దారికి అడ్డంగా రాళ్లు. రాయిని తోయవచ్చు, లాగడం కుదరదు. పొరపాటున గోడకి ఆనిందా, ఇక దాన్ని కదిపేవాడు లేడు. పైనుంచి గబ్బిలాలు దిగి రెక్కలతో దీపం ఆర్పుతాయి. దీపంలో నూనె తరిగిపోతూ ఉంటుంది. ఆలోచిస్తూ నిలబడితే నూనె అయిపోతుంది, ఆలోచించకుండా పరిగెడితే రాయి తప్పు చోట పడుతుంది. బుర్రకీ వేళ్లకీ ఒకేసారి పని పెట్టే ఆట అది. అన్నిటికన్నా గొప్ప తమాషా ఏమిటంటే, దీపాన్ని కింద పెట్టి చీకట్లో నడవవచ్చు. వెలుగు ఉంటేనే గబ్బిలాలకి మనిషి కనిపిస్తాడు. కాని చీకట్లో రాళ్లు మనకీ కనిపించవు. ఏది ఎక్కడుందో మనసులో పెట్టుకుని తోయాలి. ముప్పై ఆరో మాడి మొత్తం అలాగే దాటాలి. దానికి సౌందరానికి నాలుగేళ్లు పట్టింది.

ఇంత మంచి ఆట లోకానికి తెలియకుండా పోయింది. అది అంగళ్లకి వచ్చేనాటికే జనం కొత్త డబ్బాలకి మారిపోయారు. తయారుచేసిన చిన్న కంపెనీ మరుసటి ఏడే మూతపడింది. పంపు కంపెనీలో టెస్టింగ్ పని చేసే నిత్య, సెలవు రోజుల్లో మరుగునపడిన ఆటల గురించి వీడియోలు పెడుతుంది. ఆమె ఎంత వెతికినా ఇంటర్నెట్‌లో దీపం ఆట గురించి దొరికింది మూడు లైన్లు, ఒక మసక ఫోటో. అరవయ్యో మాడి పైన ఏముందో చూపించినవాళ్లు ఒక్కరూ లేరు.

చూశానని చెప్పినవాడు మాత్రం ఒకడున్నాడు. సౌందరం అన్న, మదురై పక్క వాడిపట్టిలో ఉండే కృష్ణసామి. తొంభై ఆరు వేసవిలో ఇంటిల్లిపాదీ మేట్టుపాళయం పెళ్లికి పోతే, జ్వరమని ఇక్కడే ఆగిపోయి, మూడు రోజుల్లో నూరు మాడీలూ ఎక్కేశానన్నాడు. చెల్లెలు దాచుకున్న ఆట చెరిగిపోతుందని తనది సేవ్ చెయ్యలేదన్నాడు. చివర పెద్ద తలుపు తెరుచుకుంటుందట. తెల్లచీర కట్టిన ముసలమ్మ బయటికి వస్తుందట. ఇంత ఆలస్యం ఏమిట్రా అన్నట్టు చూసి, మనిషి చేతిలోని దీపం అందుకుంటుందట. ఈ ముసలమ్మ కథ వినని పెళ్లి పందిరి మదురై చుట్టుపక్కల లేదు. అప్పటినుంచి సౌందరం రాళ్లు తోస్తున్నది ఆ ముసలమ్మని చూడటానికే. పైకి చెప్పదు గాని, ఆమె మనసులో ఆ ముసలమ్మకి తన తల్లి ముక్కుపుడక కూడా ఉంది.

పోయిన నెల నిత్య ఈ తాతని కూర్చోబెట్టి వీడియో తీసింది. పద్దెనిమిది వేలమంది చూశారు. వాడిపట్టి బస్టాండులో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు ఆయనతో ఫోటో దిగారు.

పదిరోజుల కిందట సౌందరం తొంభై తొమ్మిదో మాడి దాటి, నూరో మాడి తలుపు ముందు నిలబడి, సేవ్ చేసి ఆపేసింది. విజయదశమి నాడు పదకొండు గంటలకి నిత్య వీడియోలో అందరి ముందూ తలుపు తెరవాలని అవ్వా మనవరాలూ అనుకున్నారు. నిన్న ఆయుధ పూజ. భార్య ముత్తులక్ష్మితో కలిసి కృష్ణసామి నిన్న మధ్యాహ్నమే వాడిపట్టి నుంచి దిగాడు. సాయంత్రం షాపులో పీట మీద అరిటాకు పరిచి పనిముట్లన్నీ పెట్టారు. సౌందరం ఆయుధం క్యాసెట్టే కాబట్టి అదీ పీటెక్కింది. గుమ్మడికాయ కొట్టారు, పేలాలు పంచారు, షట్టరు వేశారు. తాళంచెవి సుందరరాజన్ మొలతాడుకి ఉంది.

అంటే చేసినవాళ్లు ఇంట్లోవాళ్లే.

ఇప్పుడు టైము ఎనిమిదీ ముప్పై అయిదు.

సౌందరం మొగుడి వైపు తిరిగింది. ఆ ఇంట్లో ఏ వస్తువు పాడైనా మొదటి అనుమానం ఆయన మీదికే పోతుంది, ఎందుకంటే బాగున్న వస్తువుని సర్వీసు చేసే అలవాటు ఆయనొక్కడికే ఉంది. పూజకి వచ్చే యంత్రం సర్వీసు కాకుండా రాకూడదన్నది ఆయన నియమం. పోయిన ఏడు టీవీ రిమోట్‌కి నూనె పోశాడు. అంతకు ముందటేడు నిత్య ల్యాప్‌టాప్‌ని బ్లోయరుతో ఊది, మూడు అక్షరాలు ఎగరగొట్టాడు.

"నిజం చెప్పండి. సర్వీసు చేసినారా?"

సుందరరాజన్ నొచ్చుకున్నాడు. "రెండువేల తొమ్మిదిలో దీనికి బ్యాటరీ మార్చింది ఎవరు? పక్కన ఇంకో బ్యాటరీ తగిలించి, కరంటు ఒక్క సెకండు తెగకుండా పాతది తీసి కొత్తది పెట్టినాను. ఒక్క మాడి పోయినాదా అప్పుడు? అంత చేసినవాణ్ణి ఇప్పుడు సుమ్మా, ఊరికినే పోయి పోగొడతానా?"

"రిమోట్‌కి నూనె పోసింది కూడా మీరే గదా."

"అది వేరే డిపార్ట్‌మెంటు."

వాలుకుర్చీలో కూర్చుని పేలాలు తింటున్న కృష్ణసామి తమిళ పేపరు కొంచెం దించాడు. స్నానం అయింది, నుదుట నిలువునామం తీర్చి ఉంది.

"కరంటు పోయి వచ్చింటుంది, సౌందరం. మా ఊర్లో ఫ్రిజ్జు అట్లనే పోయింది."

"కరంటు పోలేదు అన్నా."

"అట్లయితే ఎలుక."

"ఎలుక వచ్చి తొంభై తొమ్మిది మాడీలు తినేసి, క్యాసెట్ వదిలి పోయినాదా?"

"ఇప్పటి ఎలుకలు అట్లనే ఉండాయి," అని కృష్ణసామి పేపరు ఎత్తుకున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి ముత్తులక్ష్మి వచ్చింది. పూజ పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టింది ఆమే. సౌందరం చూపు తన మీద పడగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నా పక్క చూడొద్దు. చందనం లోపలికి పోయిందనేగా నీ మాట? నీ క్యాసెట్‌కి నేను పెట్టింది బొమ్మ మీద, ఒక్క బొట్టు, ఆవగింజ అంత. చందనం గట్టిగా తీసి పెట్టినాను. జారే చందనం నేను ఏ దినమూ పెట్టలేదు."

టెస్టింగ్ పని చేసేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. పంపు నీళ్లు పోయకపోతే ఎందుకు పోయలేదని అడగరు. ముందు చుట్టూ తిరిగి చూస్తారు. నిత్య క్యాసెట్ బయటికి తీసి వెనక్కి తిప్పింది.

"తాతా, ఈ స్క్రూల మీద ఎర్రగా ఏమిది?"

"వార్నిష్. మన షాపు నుంచి పోయే ప్రతి మోటారు స్క్రూ మీదా ఒక చుక్క వేస్తాను. ఇంకొక మెకానిక్కు తెరిచి చూసి, పాడుచేసి, మళ్లీ నా దగ్గరికే తెచ్చి గొడవ పెట్టుకుంటే తెలియాలి గదా."

"చుక్క పగిలి ఉండాది."

సుందరరాజన్ జేబులోంచి భూతద్దం తీశాడు. వార్నిష్ రెండు చోట్లా చీలింది. ఒక చోట పొరలా లేచింది. ఆయన ముఖంలో ఇప్పటిదాకా లేని కోపం వచ్చింది. భార్య ఆట పోయినందుకు వచ్చిన కోపం కాదు అది. తన సీలు పగిలినందుకు.

"ఎవడో తెరిచినాడు," అన్నాడు. "బ్యాటరీ పీకినాడు. పీకితే లోపల ఉండేదంతా పోతాది."

"దీన్ని మామూలు స్క్రూడ్రైవరుతో తెరవొచ్చునా?"

"ముడియాదు. ఆ స్క్రూ తల చూడు, మామూలుది కాదు. దానికని ఒక డ్రైవరు నేనే విరిగిన డ్రిల్ బిట్‌ని లేత్‌లో తిప్పి చేసినాను, ఇత్తడి పిడి వేసి. కోయంబత్తూర్లో అట్లాంటిది ఇంకొకటి ఉంటే చూపించమను."

"అది ఇప్పుడు యాడుండాది?"

"పీట మీద. మిగతా వాటితోనే."

అందరూ షాపులోకి నడిచారు. కృష్ణసామి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. మోకాళ్ల నొప్పని సాకు చెప్పాడు.

సుందరరాజన్ ఇంట్లో ఇంకొక నియమం ఉంది. విజయదశమి పొద్దున కర్పూరం చూపించాక మొదట సౌందరం ఆట మొదలుపెట్టాలి, ఆ తర్వాత లేత్ తిరగాలి. లేత్ తిరిగేదాకా పీట మీది పనిముట్టు దేన్నీ ఎవరూ ముట్టకూడదు. ఆట మొదలు కాలేదు కాబట్టి లేత్ తిరగలేదు, పీట నిన్న సాయంత్రం ఎలా ఉందో అలాగే ఉంది. మైక్రోమీటరు, వెర్నియరు, స్పానర్లు, ఆకురాళ్లు, సుత్తులు. ఒక్కొక్క దానికీ పసుపుపచ్చని చందనం చుక్క, నడుమ కుంకుమ.

సుందరరాజన్ ఇత్తడి డ్రైవరు కోసం చెయ్యి చాచాడు. నిత్య ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండు తాతా. ఈ పిడి వేలంతే ఉండాది. దీన్ని తిప్పాలంటే బొట్టు ఉండే చోటనే పట్టుకోవాల. పట్టుకుంటే బొట్టు చెరుగుతాది. కాని బొట్టు చెరగలేదే."

"అట్లయితే దీన్ని వాడలేదు," అన్నాడు సుందరరాజన్.

"లేదంటే చెరిగినాక మళ్లీ పెట్టినారు."

ముత్తులక్ష్మి ముందుకు వంగింది. ఆమెకి డెబ్బై. సూదిలో దారం ఇప్పటికీ అద్దాలు లేకుండానే ఎక్కిస్తుంది. ఆ చివరినుంచి ఒక్కొక్క బొట్టే చూసుకుంటూ వచ్చింది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. నలభై దాకా తల ఊపుతూ వచ్చింది. ఇత్తడి డ్రైవరు దగ్గర తల ఆగింది.

"నలభై ఒకటి. ఇది నాది కాదు."

"నీది కాదని ఎట్ల చెప్తావు అవ్వా?"

"నేను పెట్టిన బొట్టు నాకు తెలీదా? చందనం ఆరితే పసుపు తిరుగుతాది. ఇది చూడు, సున్నం మాదిరి తెల్లగా ఉండాది. వాసన చూడు."

నిత్య వంగి వాసన చూసింది. ఇత్తడి వాసన వచ్చింది, ఇంకేమీ రాలేదు. పక్కన ఉన్న స్పానరు వాసన చూసింది. చందనం.

"పైన ఎరుపు కూడా కుంకుమ కాదు," అంది ముత్తులక్ష్మి. "కుంకుమైతే పొడిగా రాలుతాది. ఇది తడిపి పుల్లతో పెట్టింది. ఇట్ల పుల్లతో పెట్టేది..."

ఆమె ఆగిపోయింది. పెళ్లయిన నలభై తొమ్మిదేళ్లుగా ప్రతి పొద్దునా మొగుడి నామం కోసం చిన్న అద్దం, గిన్నెలో నీళ్లు, తెల్లటి తిరుమణి గడ్డ, ఎర్రని తిరుచూర్ణం, వెదురుపుల్ల అమర్చి పెడుతున్న మనిషి ఆమె. చందనం గిన్నె నిన్న సాయంత్రమే కడిగి బోర్లించిన మనిషి కూడా ఆమే. నెమ్మదిగా నడుము ఎత్తింది. షాపులోంచి హాల్లోకి ఉన్న తలుపు వైపు తిరిగింది.

"ఏమండీ."

పేపరు కదల్లేదు.

"మీ నామం పెట్టె యాడుండాది?"

"సంచిలో ఉంటాది," అంది పేపరు.

"సంచి మంచం కింద పెట్టినాను. పొద్దున చూస్తే నామం పెట్టె ఒక్కటే ఈ లేత్ పక్కన ఉండింది. లేత్‌కి నామం పెట్టినారా?"

పేపరు వెనక నుంచి పేలాలు నమిలే శబ్దం ఆగిపోయింది.

"ఈ పొద్దున అయిదుకి లేసి పోతే, పాలు వచ్చినాయేమో చూస్తాడు, వయసైనాక మనిషికి బుద్ధి వచ్చిందని సంతోషపడినాను," అంది ముత్తులక్ష్మి. "పేపరు దించండి. తలకిందులుగా పట్టుకున్నారు."

అది నిజం కాదు. పేపరు సరిగ్గానే ఉంది. కాని కృష్ణసామి గబుక్కున తిప్పాడు. ఇప్పుడు తలకిందులైంది.

నిత్య హాల్లోకి వచ్చి ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. ఆమె ఫోనులో పదకొండు గంటల కోసం అప్పుడే ఎనిమిది వందలమంది కాచుకుని ఉన్నారు.

"తాతా, నేను చెప్తాను, తప్పయితే చెప్పు. డ్రైవరు తీసినావు. పిడి మీద బొట్టు చెరిగింది. పూజలో పెట్టిన వస్తువుని బొట్టు లేకుండా ఉంచడానికి నీకు మనసు రాలేదు. చందనం దొరకలేదు. నీకు తెలిసిన బొట్టు ఒకటే, అది పెట్టినావు. వేరే ఎవరైనా అయింటే చెరిగింది అట్లనే వదిలేసి పోయింటారు. మాకు తెలిసిందే కాదు."

"భక్తి ఎక్కువైతే ఇట్లనే అవుతాది," అన్నాడు సుందరరాజన్. బావమరిది వైపు తిరిగాడు. "మచ్చాన్, నా సీలు పగలగొట్టింది నువ్వా?"

"మాప్పిళ్ళే, సీలు సంగతి నువ్వు పెద్దది చేయొద్దు."

"పెద్దదా? ముప్పై ఏండ్లలో నా సీలు ఎవడూ ముట్టలేదు. పోటీ షాపువాడు కూడా ముట్టలేదు."

"అది వార్నిష్ చుక్క అని ఎవరికి తెలుసు? నేను తుప్పు అనుకున్నాను."

అన్నాక ఆయనకే తెలిసింది, ఏమి ఒప్పుకున్నాడో. ముత్తులక్ష్మి నడుముకి కొంగు బిగించింది.

సౌందరం టీవీ ముందు చాప మీద, ఒళ్లో ఆట రిమోట్ పెట్టుకుని కూర్చుని ఉంది. రబ్బరు అరిగిపోతే మొగుడు రెండుసార్లు వేసిచ్చిన బటన్ల మీద ఆమె బొటనవేళ్లు ఉన్నాయి గాని కదలడం లేదు. తెర మీద బొమ్మ మనిషి మొదటి మాడిలో, ఎవరో నొక్కుతారని కాచుకుని ఉన్నాడు.

"అన్నా," అంది. గొంతు మామూలుగానే ఉంది. అందుకే అందరూ ఆమె వైపు తిరిగారు. "నాకు అరవై ఎనిమిది. మొదటినుంచి మళ్లీ ఎక్కితే నా తొంభై తొమ్మిదో ఏటికి గాని అక్కడికి పోను. ఇదంతా ఏమిటికి చేసినావో ఒక్కటి చెప్పు. నీ మీద కేసు పెట్టను, వదినతో కొట్టించను."

"నా మాట నేను ఇవ్వలేదు," అంది ముత్తులక్ష్మి.

"నేను బాగుచేద్దామనే తెరిచినాను సౌందరం."

"ఏమి చెడిపోయిందని?"

జవాబు బయటికి వస్తే ఇక ఆగదని కృష్ణసామికి తెలుసు. పేపరు మడిచాడు. మళ్లీ మడిచాడు. ఇక మడవడానికి చోటు లేనంత చిన్నది చేశాడు. పేలాల గిన్నె కింద పెట్టాడు. మోకాళ్ల సంగతి మరిచిపోయి కుర్చీలోంచి లేచి, చెల్లెలి పక్కన చాప మీద చతికిలపడ్డాడు. టీవీ వైపు చూశాడు గాని ఆమె వైపు చూడలేదు.

"సరి, చెప్తాను. నడుమ ఎవరూ మాట్లాడొద్దు. మాట్లాడితే నేను ఇంకొక అబద్ధం చెప్పేస్తాను, నాకు వాడుక అయిపోయింది.

"ఆ ఏడు నేను ఎక్కింది పదకొండు మాడీలు. పన్నెండో దాంట్లో గబ్బిలం దీపం ఆర్పేసింది. మూడు దినాలూ అదే గబ్బిలం. మీరు పెండ్లి నుంచి వచ్చి దిగినారు, పిల్లలంతా చుట్టుకుని, మామా ఎందాక పోయినావు అన్నారు. నలభై అయిదేండ్ల మొగోణ్ణి, పదకొండని ఎట్ల చెప్పేది? నూరన్నాను. నూరంటే, పైన ఏముండింది అన్నారు. అప్పుడు వచ్చింది ఆ ముసలమ్మ. దండెం మీద తెల్లచీర ఆరేసి ఉండింది, దాన్ని చూసి తెల్లచీర అన్నాను. ఎర్రచీర ఉంటే ఎర్రచీర కట్టించింటాను.

"అది అంతటితో పోయేది. నువ్వు పోనిచ్చినావా? ప్రతి ఆయుధ పూజకీ వస్తున్నానే, పేలాలకి వస్తున్నాను అనుకున్నావా? నువ్వు ఎన్నో మాడిలో ఉండావో చూసి పోవడానికి వస్తున్నాను. నువ్వు డెబ్బయ్యో మాడి దాటినావని చెప్పిన దినం నాకు బీపీ పట్టుకుంది. మాత్ర అప్పటినుంచే. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ఉప్పు వల్ల కాదని నాకు తెలుసు, చెప్పలేదు. పోయిన నెల ఈ పిల్ల వీడియో తీసింది. పద్దెనిమిది వేలమందికి ఆ ముసలమ్మని చూపించినాను. అప్పటినుంచి అన్నం దిగితే ఒట్టు.

"ఈ పొద్దున అయిదుకి లేసినాను. పైన ఏముందో నీకన్నా ముందే చూసి పెట్టుకుంటే, ముసలమ్మ లేకపోయినా ఏదో ఒకటి సర్ది చెప్పుకోవచ్చు అనుకున్నాను. సత్యంగా చెప్తున్నాను, నీ ఆట చెరపాలని కాదు. పదకొండు దాటనివాడు నూరో దాంట్లో ఏమి చేస్తాడు, ఒక్క అడుగు పెడతాడు, చస్తాడు, బయటికి వస్తాడు. ఆ ధైర్యంతోనే క్యాసెట్ తెచ్చి పెట్టినాను. సౌండు తీసేసినాను. తొంభై తొమ్మిది అని ఉండేదాని మీద నొక్కినాను. తలుపు తెరుచుకుంది.

"లోపల రాళ్లు లేవు, సౌందరం. ఒక్క రాయి లేదు. గబ్బిలాలు లేవు. నూనె తరగలేదు. సుమ్మా మెట్లు. నూరో మాడిలో ఆటే లేదు, నడవడమే. నేను కాచుకుని ఉండాను, ఇప్పుడు వస్తాది గబ్బిలం, ఇప్పుడు వస్తాది అని. రాలేదు. ఆపేది ఏ బటనో నాకు తెలీదు. వాడు నడుస్తా పోయినాడు, నేను నొక్కతా పోయినాను. ముప్పై ఏండ్లుగా చెప్తున్న అబద్ధం, నాలుగు నిమిషాల్లో నిజమైపోయింది.

"అయినాక తెర నల్లగా అయింది. మళ్లీ వచ్చేసరికి ఇదిగో, ఈ మొదటి మాడి. నీ తొంభై తొమ్మిదీ లేవు. అది దాని పద్ధతేమో, పైదాకా పోతే మొదటినుంచి రమ్మంటుందేమో, నాకేమి తెలుసు. మా బోరు మోటారు పలక్కపోతే ఫ్యూజు పీకి పెడతాను, వస్తాది. అట్ల వస్తాదేమోనని, ఆ డ్రైవరు తెచ్చి, తెరిచి, బ్యాటరీ పీకి మళ్లీ పెట్టినాను. రాలేదు. ఇంకొకసారి పీకి పెట్టినాను. రాలేదు. మూసేసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని వచ్చి పండుకున్నాను.

"చివర ఏముండిందో చూసినాను. ముసలమ్మ లేదు. అక్కడ ఉండింది వేరే. ఈ చాప మీదనే నేను కూర్చుని ఏడ్చినాను, ఆ బొమ్మకి, ఈ వయసులో. ఇప్పుడు ఈ లోకంలో దాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నువ్వు చెప్పమంటే ఇక్కడే చెప్తాను. పదకొండుకి ఆ ఫోను ముందు చెప్పమన్నా చెప్తాను. కాని నేను చెప్తే ఎవరు నమ్ముతారు, సౌందరం? నేనైతే నమ్మను."